ఒసాకా ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటిసారి జపాన్ వెళ్తూ, ఒసాకాలో దిగాలా వద్దా అని ఆలోచిస్తున్న తెలుగువాళ్ల కోసం ఈ పేజీ. ధరలు, వేళలు మారుతూ ఉంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు ఒకసారి సరిచూసుకోండి.

జపాన్ అంటే టోక్యో కదా, ఒసాకాకు ఎందుకు వెళ్లాలి?

టోక్యో వద్దని ఎవరూ అనరు. కానీ చేతిలో వారం రోజులే ఉండి, వెంట పిల్లలో పెద్దవాళ్లో ఉంటే ఒసాకాలో ఒకే గది తీసుకుని అక్కడి నుంచి తిరగడం చాలా సుఖం. రైలెక్కితే క్యోటో అరగంట, నారా నలభై నిమిషాలు, కోబే అరగంటలోపే, హిమేజి కోట గంట. పొద్దున వెళ్లి రాత్రికి అదే మంచం మీద పడుకోవచ్చు. రెండు రోజులకోసారి పెట్టెలు సర్దే బాధ ఉండదు.

పైగా ఇది వర్తకుల ఊరు. షోగన్లనే సైనిక పాలకుల కాలంలో దేశం నలుమూలల నుంచి బియ్యం ఇక్కడి గోదాములకే చేరేది. దోజిమాలో 1730లో అధికారికంగా అనుమతి పొందిన బియ్యం మార్కెట్‌ను ప్రపంచంలోనే మొదటి ఫ్యూచర్స్ మార్కెట్‌గా, అంటే రాబోయే సరుకుకు ఇప్పుడే ధర కుదుర్చుకునే బజారుగా, చెబుతారు. ఆ వ్యాపారపు చురుకుదనం, మాటకారితనం ఇప్పటికీ ఊళ్లో కనిపిస్తాయి. దుకాణదారు మీతో జోకులు వేస్తాడు, మీకు భాష రాకపోయినా సరే.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

ఆరు రాత్రులు చాలు. ఒసాకాకు రెండు రోజులు, క్యోటోకు రెండు, నారాకు ఒకటి, ఇంకొకటి ఖాళీ. ఆ ఖాళీ రోజును ముందే నింపేయకండి. వాన పడినా, పిల్లవాడికి జ్వరం వచ్చినా, ఒక చోటు బాగా నచ్చి మళ్లీ వెళ్లాలనిపించినా అదే ఆదుకుంటుంది. యూనివర్సల్ స్టూడియోస్ కూడా చూడాలంటే దానికి ఇంకో పూర్తి రోజు కలపండి.

టోక్యో కూడా కావాలంటే ఒసాకాలో దిగి, టోక్యో నుంచి తిరుగు విమానం ఎక్కేలా టికెట్టు తీసుకోండి. వెళ్లిన దారినే వెనక్కి రావడం డబ్బు దండగ, రోజు దండగ.

ఏ నెల మంచిది?

మన సెలవులను బట్టి చెప్పడమే నయం.

వేసవి సెలవులు మొదలవగానే బయలుదేరేవాళ్లు ఒక్క విషయం చూసుకోవాలి. ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు జపాన్‌లో వరుస సెలవులు వస్తాయి. దేశమంతా రైళ్లలోనే ఉంటుంది, గదుల అద్దెలు ఆకాశాన్ని అంటుతాయి. ఆ వారం దాటాక, మే నెల చివరి దాకా వాతావరణం ఎంతో హాయిగా ఉంటుంది. జూన్‌లో వానలు మొదలై జూలై మధ్య దాకా సాగుతాయి. తర్వాత ఆగస్టు చివరి దాకా ఎండ, ఉక్క. విజయవాడ మే నెలకు అలవాటుపడ్డవాళ్లం కదా అనుకోవచ్చు గానీ, ఆ ఉక్కలో రోజంతా నడవడం వేరే సంగతి. అయినా జూలైలోనే వెళ్లాల్సి వస్తే 24, 25 తేదీల్లో జరిగే తెంజిన్ మత్సురి తిరునాళ్లకు వెళ్లండి. 25 సాయంత్రం ఒకావా నది మీద పడవల ఊరేగింపు, బాణసంచా ఉంటాయి.

చెర్రీ పూలు సాధారణంగా మార్చి చివర విచ్చుకోవడం మొదలై ఏప్రిల్ మొదటి వారానికి నిండుగా ఉంటాయి. ఆ వారం మనకు పరీక్షల కాలం, వాళ్లకు రద్దీ కాలం. పిల్లలు లేనివాళ్లకే వీలవుతుంది. దసరా సెలవుల్లో వెళ్లడం చాలా మంచిది. చల్లబడుతుంది, ఆకాశం తేటగా ఉంటుంది, తుపానుల బెడద క్రమంగా తగ్గుతుంది. ఆకుల ఎరుపు చూడాలంటే మాత్రం నవంబరు మధ్య దాకా ఆగాలి.

నన్నడిగితే సంక్రాంతి సెలవులకు కాస్త ముందుగా వెళ్లమంటాను. చలి ఉంటుంది, మంచు మాత్రం అరుదు. కొత్త సంవత్సరపు హడావిడి సద్దుమణిగి గదులు చవకవుతాయి. జనవరి 9, 10, 11 తేదీల్లో ఇమామియా ఎబిసు గుడిలో వ్యాపారుల దేవుడికి పెద్ద ఉత్సవం జరుగుతుంది. పచ్చి వెదురు కొమ్మను గుడిలో ఉచితంగానే ఇస్తారు. దానికి కట్టించుకునే నాణేలు, చేపలు, బియ్యపు మూటల బొమ్మలకే డబ్బు. ఎబిసు దేవుడికి చెవుడట. అందుకని ముందు మొక్కినవాళ్లు గుడి వెనక్కి కూడా వెళ్లి, అక్కడ దబదబా కొట్టి, తమ మొర విన్నావా అని మరోసారి గుర్తుచేసి వస్తారు. సూటు వేసుకున్న ఉద్యోగులు వరుసలో నిలబడి అలా బాదడం చూసి తీరాలి.

మన ఊళ్ల నుంచి ఎలా వెళ్లాలి?

హైదరాబాదు నుంచి ఒసాకాకు నేరుగా విమానం లేదు. బ్యాంకాక్, సింగపూర్, కౌలాలంపూర్, హాంకాంగ్‌లలో ఒకచోట మారాలి. విశాఖవాళ్లకు సింగపూర్ దారి ఉంది. చవకని రెండు వేర్వేరు టికెట్లు కొంటే మధ్యలో సామాను మీరే తీసుకుని మళ్లీ అప్పగించాల్సి రావచ్చు. మొదటి విమానం ఆలస్యమైతే రెండోదాని డబ్బు గోవిందా. పెద్దవాళ్లు వెంట ఉంటే ఒకే టికెట్టు మీద వెళ్లండి. అక్కడి సమయం మనకన్నా మూడున్నర గంటలు ముందు.

వీసా కష్టమా?

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు వీసా తప్పనిసరి. అమెరికా గ్రీన్ కార్డు ఉన్నా సరే, పాస్‌పోర్టు మనదైతే వీసా కావాల్సిందే. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లకు 90 రోజుల దాకా అక్కర్లేదు. అందువల్ల ఒకే కుటుంబంలో పిల్లలకు వీసా అవసరం లేక, అమ్మానాన్నలకు అవసరమయ్యే పరిస్థితి తరచూ వస్తుంది.

కాగితాలు మామూలువే: బ్యాంకు ఖాతా వివరాలు, ఆదాయపు పన్ను రిటర్నులు, ఉద్యోగం ఉంటే సెలవు పత్రం, రోజువారీ ప్రయాణ ప్రణాళిక. ఈ ప్రణాళికలో రాసిన తేదీలూ, హోటల్ బుకింగ్ తేదీలూ, విమానం తేదీలూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. చాలామంది ఇక్కడే తడబడతారు. వీసా వచ్చాక, బయలుదేరే ముందు విజిట్ జపాన్ వెబ్ అనే ప్రభుత్వ సైటులో వివరాలు నింపి, వచ్చే క్యూఆర్ కోడ్‌ను ఫోనులో దాచుకుంటే విమానాశ్రయంలో ఫారాలు నింపే పని తప్పుతుంది.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఎలా?

సముద్రం పూడ్చి కట్టిన ద్వీపం మీద 1994లో తెరిచారు కన్సాయ్ విమానాశ్రయాన్ని. అక్కడి నుంచి రెండు రైలు సంస్థల దారులు ఉన్నాయి. నంబాలో దిగాలంటే నంకై రైలు. మామూలు ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ ముప్పావుగంటలో సుమారు వెయ్యి యెన్లకు చేరుస్తుంది. రాపిట్ అనే నీలం రంగు రైలు కాస్త ముందు చేరుస్తుంది, సీటు మీదే అవుతుంది. తెన్నోజి, ఒసాకా, షిన్-ఒసాకా, క్యోటో వెళ్లేవాళ్లకు జేఆర్, అంటే జపాన్ రైల్వేస్ వారి హరుకా రైలు. టాక్సీ జోలికి పోకండి, ఊరు చాలా దూరం.

ఏ పేటలో బస చేయాలి?

నంబా లేదా ఉమెదా. రెండింటినీ మిడోసుజి మెట్రో కలుపుతుంది.

సందడి, తిండి, నారా రైలు, విమానాశ్రయం రైలు అన్నీ దగ్గర్లో కావాలంటే నంబా. క్యోటో, కోబే, హిమేజి ఎక్కువగా తిరగాలంటే ఉమెదా. కాకపోతే ఉమెదా స్టేషన్ల కింద ఉన్న భూగర్భ బజార్లలో దారి తప్పనివాడు లేడు. పై నుంచి దిగిన మెట్లు ఎక్కడివో గుర్తుపెట్టుకోండి. షిన్-ఒసాకా బుల్లెట్ రైలుకు తప్ప దేనికీ దగ్గర కాదు. షిన్-ఇమామియా దగ్గర గదులు చవక. ఒంటరిగా తిరిగే కుర్రకారుకు సరిపోతుంది గానీ కుటుంబంతో అయితే నేను సిఫారసు చేయను.

నలుగురికి ఒకే గది దొరుకుతుందా?

దొరకడం కష్టం. జపాన్ హోటళ్లు గదికి కాక మనిషికి లెక్క కడతాయి. ఇద్దరి గదిలో అదనపు పరుపు వేయించుకుందామంటే కుదరదు, వేయడానికి నేల మిగలదు. పెద్ద పెట్టె తెరిస్తే తలుపు తెరవలేని గదులు చాలా ఉన్నాయి. పిల్లల వయసు సహా అందరి లెక్కా బుకింగ్‌లో సరిగ్గా ఇవ్వండి. నలుగురైతే పక్కపక్కన రెండు గదులో, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ హోటలో చూసుకోండి. వంటగది ఉంటే శాకాహారుల సగం కష్టం తీరినట్టే.

ఒక ఊరట: టాయిలెట్లలో నీళ్లు చిమ్మే ఏర్పాటు హోటళ్లలో, దుకాణాల్లో, పెద్ద స్టేషన్లలో దాదాపు అంతటా ఉంటుంది.

జేఆర్ పాస్ కొనాలా?

దేశమంతటా జేఆర్ రైళ్లు కొన్ని రోజులపాటు ఎన్నిసార్లైనా ఎక్కనిచ్చే పాస్ ఇది. ఒసాకాలో ఉండి చుట్టుపక్కల తిరిగేవాళ్లకు అక్కర్లేదు. ఏడు రోజుల పాస్‌ను 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి ఒక్కసారిగా 50,000కు పెంచారు. టోక్యోకు బుల్లెట్ రైల్లో వెళ్లి వచ్చినా 30,000 కాదు. పాత వీడియోలు చూసి కొనేవాళ్లు ఇంకా ఉన్నారు.

టోక్యో రైలెక్కేవాళ్లు సామాను కొలుచుకోండి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే సామాను చోటున్న సీటును ముందే కేటాయించుకోవాలి. లేదా పెట్టెను కొరియర్‌లో పంపేయండి. నల్ల పిల్లి గుర్తున్న యమాతో వాళ్లు హోటల్ నుంచి హోటల్‌కు సాధారణంగా మర్నాటికి చేరుస్తారు.

మరి ఊళ్లో రైళ్లకు?

ముందే డబ్బు నింపుకుని గేటు దగ్గర తాకించే ఇకోకా కార్డు. మనిషికొకటి కావాలి, ఒకే కార్డుతో ఇద్దరు లోపలికి వెళ్లలేరు. మెట్రో, జేఆర్, ప్రైవేటు రైళ్లు, చాలా బస్సులు, చిన్న దుకాణాలు అన్నింటా పనిచేస్తుంది. ఐఫోన్‌లో అయితే కార్డు కొనకుండానే పెట్టుకోవచ్చు. బడి వయసు రాని పిల్లలకు పెద్దవాళ్లతో వస్తే టికెట్టు లేదు. ఆరు నుంచి పదకొండేళ్ల వరకు సగం చార్జీ, దానికి పిల్లల కార్డు వేరు, పాస్‌పోర్టు చూపించి తీసుకోవాలి. మెట్రో చార్జీ దూరాన్ని బట్టి 190 నుంచి 390 యెన్లు.

స్టేషన్ల పేర్లు నోరు తిరక్కపోతే అంకెలు గుర్తుపెట్టుకోండి. మిడోసుజి లైనుది ఎరుపు రంగు. అందులో ఉమెదా ఎం16, షిన్సాయ్‌బాషి ఎం19, నంబా ఎం20, తెన్నోజి ఎం23. పనిదినాల్లో ఈ లైనులో రోజంతా ఒక పెట్టె ఆడవాళ్లకే. నేల మీద గులాబీ రంగు గుర్తు ఉంటుంది, మగవాళ్లు హడావిడిలో అందులోకి దూరకండి. చివరి రైళ్లు అర్ధరాత్రి ప్రాంతంలో అయిపోతాయి.

మేము శాకాహారులం. ఏం తినాలి?

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టే ఉంటుంది, ముందుగా తెలుసుకోకపోతే. అడ్డొచ్చేది మాంసం కాదు, దాషి. ఎండబెట్టి పొగబెట్టిన కత్సుఓ చేపను తురిమి, తరచుగా కొంబు అనే సముద్రపు నాచుతో కలిపి కాచిన చారు అది. మిసో సూపు, ఉడోన్ నూడుల్స్ పులుసు, ఉడికించిన కూరలు, తకోయాకి పిండి, ఓకొనోమియాకి పిండి, అన్నింటికీ అదే ఆధారం. కంటికి ఒక్క చేప ముక్క కనిపించదు. వండినవాడికి కూడా అది చేప వేసినట్టు అనిపించదు, మనకు పోపు ఎలాగో అతనికి అది అలా. అందుకే ‘శాకాహారమేనా’ అని అడిగితే నిజాయితీగానే అవునంటాడు. ‘కత్సుఓ దాషి ఉందా’ అని అడగాలి.

పొట్లాల మీద అలర్జీ పట్టిక చూసి సరిపెట్టుకుందామన్నా చిక్కే. అందులో తప్పనిసరిగా చూపాల్సినవి గుడ్డు, పాలు, గోధుమ, బక్‌వీట్, వేరుశనగ, రొయ్య, పీత, వాల్‌నట్ లాంటి కొన్నే. చేప ఆ వరుసలో లేదు. కాబట్టి అలర్జీ గళ్లు ఖాళీగా ఉన్నంత మాత్రాన చేప లేదని కాదు. ఫోను కెమెరాతో పదార్థాల జాబితా మొత్తం అనువదించి చదవాలి.

ఇక దారులు. ఒసాకాలో భారతీయ హోటళ్లు చాలానే ఉన్నాయి, దక్షిణాది దోసెలు దొరికే చోట్లూ ఉన్నాయి. కోకో ఇచిబాన్యా అనే గొలుసు దుకాణాల్లో చాలా వాటిలో జంతు పదార్థాలు లేని కూర విడిగా ఉంటుంది, కారం మోతాదు మీరే ఎంచుకోవచ్చు. కోబేలో పాతకాలం నుంచి గుజరాతీ, సింధీ వర్తకులు స్థిరపడ్డారు. కితానో పేటలో 1985లో కట్టిన జైన మందిరం ఉంది.

రాత్రి తొమ్మిదికి కాళ్లు పీకుతూ గదికి చేరినప్పుడు వీటిలో ఏదీ అక్కరకు రాదు. అప్పటికి కన్వీనియన్స్ స్టోరే గతి. గిన్నెలో మూసి అమ్మే ఉడికించిన తెల్లన్నం కొనండి, కౌంటరు దగ్గరే మైక్రోవేవ్‌లో వేడి చేసి ఇస్తారు లేదా పక్కనే యంత్రం ఉంటుంది. చక్కెర కలపని పెరుగు డబ్బా తీసుకోండి. తీపి పెరుగుల్లో జిలాటిన్ కలిపినవి ఉంటాయి, వాటి జోలికి వెళ్లకండి. ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి, ఊరమిరపకాయలు ఉంటే పెరుగన్నం సిద్ధం. ఆ బియ్యం జిగురుగా ఉంటుంది కాబట్టి పెరుగన్నానికి మన సోనా మసూరి కన్నా బాగా కుదురుతుంది కూడా. కాల్చిన చిలగడదుంపలు, అరటిపండ్లు, ఉడికించిన పచ్చి సోయా కాయలు అన్నిచోట్లా దొరుకుతాయి.

అచ్చమైన జపాన్ శాకాహార భోజనం తినాలని ఉంటే కోయాసాన్ వెళ్లండి. బౌద్ధ గురువు కూకై 816లో నెలకొల్పిన కొండ క్షేత్రం అది. నంబా నుంచి నంకై రైలు, ఆపైన కేబుల్ కారు, మొత్తం రెండు గంటల పైచిలుకు. మఠాల్లోనే రాత్రి బస ఇస్తారు. అక్కడి షోజిన్ వంటలో చేప చారు ఉండదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మన ఇళ్లలో మడి వంట తినే పెద్దవాళ్లు అనుమానం లేకుండా తినగలిగేది ఈ చుట్టుపక్కల ఇదొక్కటే అనుకుంటాను.

పచ్చళ్లు తీసుకెళ్లవచ్చా?

నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి అస్సలు వద్దు. మాంసం కలిసిన ఏ పదార్థమైనా, డబ్బాలో మూసినా, ఎండబెట్టినా నిషేధమే. విమానాశ్రయంలో కుక్కలు వాసన పడతాయి, జరిమానాలు భారీగా ఉంటాయి. తాజా పండ్లు, కూరగాయలు, కరివేపాకు రెబ్బలు కూడా వద్దు. పొడులు, ఆవకాయ లాంటివి కొద్దిగా, కంపెనీ సీలు ఉన్న పొట్లాల్లో తీసుకెళ్లి, అడిగితే చూపించండి. అనుమానం ఉన్నది దాచకుండా అక్కడి క్వారంటైన్ కౌంటరులో చెప్పేయడమే క్షేమం.

మాంసాహారులకు ఏవి బాగుంటాయి?

మీకు ఒసాకా పండగే. ఆక్టోపస్ ముక్క పెట్టి గుంట పెనం మీద తిప్పే తకోయాకిని మన గుంతపొంగనాల పెనం చూసినవాళ్లు చూడగానే గుర్తుపడతారు. లోపల నిప్పులా ఉంటుంది, ఒక్కసారిగా నోట్లో వేసుకోకండి. క్యాబేజీ అట్టు ఓకొనోమియాకి, తీపి వేయించిన టోఫు వేసిన కిత్సునే ఉడోన్ కూడా ఇక్కడి ప్రత్యేకతలే. షిన్‌సెకాయ్ పేటలో పుల్లలకు గుచ్చి వేయించే కుషికత్సు తినేటప్పుడు అందరికీ కలిపి పెట్టిన సాస్‌లో ఒక్కసారే ముంచాలి. కొరికినదాన్ని మళ్లీ ముంచితే ఎంగిలి. ఈ సంగతి మనకు వేరే చెప్పాలా?

గొడ్డు మాంసం, పంది మాంసం తిననివాళ్లు ప్రతిసారీ అడిగి తీసుకోండి, కోడి వంటకాల్లో కూడా పంది కొవ్వు కలిసే వీలుంది. హలాల్ కావాలంటే కోబేలో 1935 నాటి మసీదు, అంటే జపాన్‌లోనే మొదటిది, ఉన్న వీధుల చుట్టూ చూడండి.

తప్పక చూడాల్సినవేవి, వదిలేయదగినవేవి?

ఒసాకా కోటను బయటి నుంచి చూడండి. జపాన్‌ను ఏకం చేసిన సేనాని తొయొతొమి హిదెయోషి 1583లో కట్టడం మొదలుపెట్టిన కోట 1615 యుద్ధంలో కాలిపోయింది. తర్వాత తొకుగవా వంశపు షోగన్లు మళ్లీ కట్టారు, ఆ బురుజూ 1665లో పిడుగుపాటుకు పోయింది. ఇప్పుడున్నది 1931 నాటి కాంక్రీటు కట్టడం, లోపల లిఫ్టు, మ్యూజియం. అసలైన పాతదనం రాతి గోడల్లో ఉంది. సకురా ద్వారం దాటగానే ఎదురుగా గోడంత ఒకే బండ కనిపిస్తుంది, వంద టన్నులకు పైనే ఉంటుందని అంచనా. దాని ముందు నిలబడి, యంత్రాలు లేని రోజుల్లో సముద్రం మీదుగా ఎలా తెచ్చారా అని ఆలోచించడానికి టికెట్టు అక్కర్లేదు. అసలు సిసలు చెక్క కోట చూడాలంటే హిమేజి వెళ్లాలి.

దోతొన్‌బోరి కాలువ రాత్రి చూడాలి. పరిగెత్తే మనిషి బొమ్మతో ఉన్న గ్లికో మిఠాయి కంపెనీ బోర్డు మొదట 1935లో వెలిసింది, ఇప్పుడున్నది ఆరోది. జనం తోపులాటకు విసుగొస్తే నాలుగడుగుల్లో హోజెన్‌జి సందు ఉంది. అక్కడి ఫుదో విగ్రహం మీద తరతరాలుగా జనం నీళ్లు పోస్తూ ఉండటంతో ముఖం, కత్తి, అన్నీ దట్టమైన నాచులో మునిగిపోయాయి. మీరూ గరిటెతో నీళ్లు పోయవచ్చు. ఫుదో అంటే మన తంత్ర గ్రంథాల్లోని అచలుడే.

తెంజిన్‌బాషిసుజి అనే కప్పున్న బజారు రెండున్నర కిలోమీటర్లు సాగుతుంది. ఇక్కడ ఊరి జనం కూరగాయలు, చెప్పులు, మందులు కొనుక్కుంటారు. కురొమోన్ మార్కెట్ కన్నా నాకు ఇదే ఇష్టం. కురొమోన్‌లో ఇప్పుడు పర్యాటకుల ధరలే. తోలుబొమ్మలాట మీద ఇష్టం ఉన్నవాళ్లు నిప్పొంబాషి దగ్గరి జాతీయ బున్‌రకు నాటకశాలలో ప్రదర్శన ఉందేమో చూడండి. ఒక్కో ప్రధాన బొమ్మను ముగ్గురు ఆడిస్తారు, కాసేపటికి ఆ ముగ్గురూ కంటికి ఆనరు. ఏడాదిలో కొన్ని నెలలే ఆట ఉంటుంది.

ఎత్తైన భవనం ఒక్కటి ఎక్కితే చాలు. 300 మీటర్ల అబెనో హరుకాస్ లేదా ఉమెదా స్కై, ఏదైనా.

అక్కడ వినాయకుడి గుడి ఉందట, నిజమేనా?

నిజమే. నంబా నుంచి నారా వెళ్లే కింతెత్సు రైల్లో ఇరవై నిమిషాలకు ఇకొమా వస్తుంది. అక్కడి నుంచి కొండ మీది హోజాన్‌జి గుడికి కేబుల్ కారు ఉంది. 1918లో మొదలైన ఈ కేబుల్ దారి జపాన్‌లోనే మొదటిది. ఇప్పటి పెట్టెలకు పిల్లి, కుక్క ముఖాలు తగిలించారు. పిల్లలు దిగనంటారు. గుడిలో కంగితెన్, అంటే బౌద్ధంతోపాటు జపాన్ చేరిన గణపతి. ఒసాకా వ్యాపారులకు తరతరాలుగా ఇలవేల్పు లాంటివాడు. విగ్రహాన్ని మాత్రం ఎవరికీ చూపరు. గుడి అంతటా పెనవేసుకున్న రెండు ముల్లంగి దుంపలు, డబ్బు మూటలు చెక్కి ఉంటాయి. ముల్లంగి అక్కడ ముఖ్యమైన నైవేద్యం. నారా వెళ్లే రోజునే పొద్దున్నే దిగి చూసుకోవచ్చు.

క్యోటో, నారాలకు ఏ రైలు?

క్యోటోకు జేఆర్ వారి స్పెషల్ ర్యాపిడ్ అరగంటలో తీసుకెళ్తుంది, అదనపు చార్జీ లేదు. కానీ క్యోటో స్టేషన్‌లో దిగాక మళ్లీ బస్సు ఎక్కాలి, ఆ బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు. గియోన్, యసాకా వైపు వెళ్లేవాళ్లు ఉమెదా నుంచి హాంక్యూ రైల్లో కవరమాచి దాకానో, యొదొయాబాషి నుంచి కేహాన్ రైల్లో గియోన్-షిజో దాకానో వెళ్తే నడక దూరంలో దిగుతారు. ఫుషిమి ఇనారి ద్వారాలను తెల్లవారగానే చూడాలి. అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

నారాకు కింతెత్సు మేలు, స్టేషన్ నుంచి జింకల పార్కు దగ్గర. తోదాయ్‌జి మహాబుద్ధుడి ముందు ఒక్క నిమిషం ఎక్కువ ఆగండి. 752లో ఆ విగ్రహానికి కళ్లు దిద్ది ప్రాణప్రతిష్ఠ చేసింది బోధిసేనుడనే భారతీయ భిక్షువు. జింకలకు బిస్కెట్లు పెట్టేటప్పుడు ఊరించకండి, చీర కొంగు, కాగితాలు, దేన్నైనా నమిలేస్తాయి. అయిపోయాక రెండు చేతులూ చాచి ఖాళీ అని చూపిస్తే వెళ్లిపోతాయి.

యూనివర్సల్ స్టూడియోస్ ఒక్క రోజులో అవుతుందా?

వారాంతం, సెలవు రోజు కాకపోతే అవుతుంది. నింటెండో భాగంలోకి రద్దీ రోజుల్లో వేళ ముద్రించిన ప్రవేశపత్రం ఉంటేనే పంపుతారు. గేటు దాటగానే వాళ్ల యాప్‌లో తీసుకోండి, తర్వాత అనుకుంటే అయిపోతాయి. పదేళ్లు దాటిన పిల్లలు లేకపోతే ఆ డబ్బుతో కైయుకాన్ అక్వేరియం చూడటం నయం. అక్కడి తిమింగల సొరచేపల తొట్టి చుట్టూ దారి పై నుంచి కిందికి దిగుతూ ఉంటుంది, పెద్దవాళ్లకు కూడా సులువు.

అమ్మానాన్నలను తీసుకెళ్తున్నాం, నడవగలరా?

ఇదే అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న, అందరూ చివర అడుగుతారు. రోజుకు పదిహేను వేల అడుగులు మామూలు. లిఫ్టు దాదాపు ప్రతి స్టేషన్‌లోనూ ఉంటుంది గానీ ఏదో ఒక మూల ద్వారం దగ్గరే ఉంటుంది. లిఫ్టున్న ద్వారం అంకె పొద్దున్నే చూసి పెట్టుకోండి. రోజుకు పొద్దున ఒక చోటు, సాయంత్రం ఒక చోటు, మధ్యలో గదికి వచ్చి కునుకు. నలుగురు ఎక్కితే ఊళ్లో చిన్న దూరాలకు టాక్సీ మరీ ఖరీదేమీ కాదు. తలుపు డ్రైవరే మీట నొక్కి తెరుస్తాడు, మీరు లాగకండి. కొత్త బూట్లు కొనిస్తే ప్రయాణానికి నెల ముందే కొనివ్వండి.

మందుల సంగతి?

డాక్టరు రాసిన మందులు నెలకు సరిపడా మామూలుగా తీసుకెళ్లవచ్చు. అంతకు మించితే యున్యు కకునిన్‌షో అనే అనుమతి పత్రం ముందే ఆన్‌లైన్‌లో పొందాలి. చీటీ నకలు వెంట ఉంచుకోండి. జలుబు మాత్రలతో జాగ్రత్త: ముక్కుదిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ పది శాతం దాటినవి నిషేధం, కోడీన్ ఉన్న దగ్గు మందులకూ ఆంక్షలున్నాయి. మన మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే మాత్ర అక్కడ నేరం కావచ్చు.

డబ్బు ఎలా తీసుకెళ్లాలి?

పెద్ద దుకాణాల్లో, హోటళ్లలో కార్డు చాలు. గుళ్లు, చిన్న తిండి దుకాణాలు, కార్డులో డబ్బు నింపే యంత్రాలు మాత్రం ఎక్కువగా నగదే అడుగుతాయి. సెవెన్-ఇలెవెన్ దుకాణాల్లోని ఏటీఎంలలో మన కార్డులు పనిచేస్తాయి. బయలుదేరే ముందు బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకాన్ని తెరుచుకోండి, మామూలుగా అది మూసి ఉంటుంది. యెన్ విలువ అరవై పైసలకు అటూఇటూగా ఉంటోంది. టిప్పు ఇవ్వకండి, వెనకాలే పరిగెత్తుకొచ్చి తిరిగి ఇచ్చేస్తారు.

ప్లగ్గులు, ఫోను?

100 వోల్టులు, రెండు చదునైన పుల్లల ప్లగ్గు. మన గుండ్రటి పిన్నులకు అడాప్టర్ కావాలి. ఫోను చార్జర్లకు చిక్కు లేదు. మన 230 వోల్టుల బుల్లి రైస్ కుక్కర్ మాత్రం అక్కడ సరిగ్గా వేడెక్కదు, ఇంట్లోనే ఉంచండి. ఈ-సిమ్ ఇక్కడే కొని వెళ్లండి.

భాష రాకపోతే?

రాకపోయినా గడుస్తుంది. ‘సుమిమాసెన్’ ఒక్కటి నేర్చుకోండి, పిలవడానికీ, క్షమించమనడానికీ అదే. మిగతాది ఫోను చూసుకుంటుంది. పోలీసులకు 110, అంబులెన్సుకు 119. ఏదైనా పోగొట్టుకుంటే దగ్గర్లోని కోబాన్ అనే చిన్న పోలీసు గదికి వెళ్లండి, దొరికే అవకాశం మీరనుకున్నదానికన్నా ఎక్కువ. పాస్‌పోర్టు పోతే ఒసాకాలోనే భారత కాన్సులేట్ ఉంది.

పాటించాల్సిన మర్యాదలు?

ఎస్కలేటర్ మీద టోక్యోలో ఎడమవైపు నిలబడతారు, ఒసాకాలో కుడివైపు. రైల్లో ఫోను మాట్లాడకండి. చెత్తబుట్టలు దాదాపు ఉండవు, ఒక సంచి వెంట ఉంచుకోండి. 2025 జనవరి నుంచి ఊరంతా వీధుల్లో పొగతాగడం నిషేధం, వెయ్యి యెన్ల జరిమానా.

భూకంపాలు, తుపానులు వస్తే?

వస్తాయి, అక్కడివాళ్లు సిద్ధంగానే ఉంటారు. ఫోను ఒక్కసారిగా వింతగా మోగితే హెచ్చరిక అది, బల్ల కిందికి చేరండి. తుపాను ముందే చెప్పి వస్తుంది. రైళ్లను ముందుగానే ఆపేస్తారు. 2018 సెప్టెంబరు 4న తుపానుకు విమానాశ్రయం రన్‌వే నీట మునిగి, ఒక నౌక వంతెనను ఢీకొంది, ప్రయాణికులు వేలమంది ద్వీపం మీదే చిక్కుకుపోయారు. ఆగస్టు, సెప్టెంబరు ప్రయాణాలకు బీమా తీసుకోండి.

ఏం కొనాలి?

కత్తులు. పక్కనే ఉన్న సకాయ్ పట్టణం వంటగది కత్తులకు శతాబ్దాలుగా పేరుపడ్డది. నంబా దగ్గర దోగుయాసుజి అనే వీధి మొత్తం వంటసామాను దుకాణాలే. కొంటే పెట్టెలో పెట్టి సామానులో వేయాలి, చేతిసంచిలో కాదు. పాస్‌పోర్టు చూపితే పర్యాటకులకు పది శాతం వినియోగపు పన్ను ఉండదు. 2026 నవంబరు 1 నుంచి ఈ పద్ధతి మారుతోంది, ముందు పన్నుతో సహా కట్టి, దేశం విడిచేటప్పుడు తిరిగి పొందాలి.

చివరి రోజు విమానం రాత్రికి. సామాను ఎక్కడ పెట్టాలి?

హోటల్‌లోనే. గది ఖాళీ చేశాక కూడా సాయంత్రం దాకా ఉంచుతారు, డబ్బు తీసుకోరు. విమానాశ్రయానికి జేఆర్ ర్యాపిడ్‌లో వెళ్తే ఏ పెట్టె ఎక్కారో చూసుకోండి. రెండు రైళ్లు జతకట్టి బయలుదేరి హినెనో స్టేషన్‌లో విడిపోతాయి. ఒకటి నుంచి నాలుగు పెట్టెలు విమానాశ్రయానికి, వెనక నాలుగు వకయామాకు. కిక్కిరిసిన రైల్లో పెద్ద పెట్టెతో ఉన్నవాళ్లు హినెనోలో మారడం చిన్న పని కాదు, ఎక్కేటప్పుడే పలక చదవండి. నంకై రైలుకు ఈ తంటా లేదు.